గేరాయిల్ కంపు

"ఛీ ఛీ! ఇది డిఫరెన్షియలా, మురిక్కాలవా?"

పెద్దమేస్త్రి ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంటి వెనక షెడ్డులో, లారీ వెనక ఇరుసులోంచి ఊడదీసిన, చక్రాలని తిప్పే గేర్లుండే డిఫరెన్షియల్ బల్ల మీద కూర్చుని నల్లటి గేరాయిల్ కారుస్తోంది. కుళ్ళిన కోడిగుడ్లు మాడబెట్టినట్టు కంపు. దాని ముందు మోచేతుల దాకా నూనె పూసుకున్న ఆయన కూతురు, ఆమె పక్కన లారీ డ్రైవరు. నలభై ఏళ్ళుగా గేరాయిల్ వాసనలోనే అన్నం తిన్న మేస్త్రి ముక్కు మూసుకున్నాడంటే ఆ కంపు ఏపాటిదో మీరే ఊహించుకోండి.

కూతురు పళ్ళచక్రాల మధ్య చెయ్యి దూర్చి ఏదో పట్టి లాగింది. అది జిగటజిగటగా, తోకలా సాగుతూ వచ్చింది.

"అమ్మో, చచ్చిన ఎలుక!" డ్రైవరు గుమ్మం దాకా గెంతాడు.

"ఎలుకైనా బాగుండేది," అన్నాడు పెద్దమేస్త్రి. "అది గుడ్డముక్కయ్యా. చేతులు తుడుచుకున్న గుడ్డ లోపలే వదిలేసి బోల్టులు బిగించేశాడు మహానుభావుడు. నెల్లాళ్ళుగా గేర్లు దాన్ని నములుతున్నాయి. థూ!"

కూతురు ఆ ముద్దని డబ్బాలో పడేసి చేతులు తుడుచుకుంది. పెద్దమేస్త్రి టార్చిలైటు తీసుకుని వంగాడు. చూసేకొద్దీ ఆయన మూతి వంకర తిరిగిపోతోంది.

"ఇటు చూడు. ఎడం పక్క బేరింగు క్యాపు కుడి పక్కకి, కుడి పక్కది ఎడం పక్కకి. ఎడం కాలి చెప్పు కుడి కాలికి తొడిగినట్టు. పని నేర్చుకున్న మొదటి వారంలో కూడా ఎవడూ ఇలా చెయ్యడు. చూడు, క్రౌన్ చక్రం పళ్ళు మూడు లేచిపోయాయి. ఏమయ్యా, బండి ఎక్కడా పట్టెయ్యలేదూ?"

"పట్టేసింది మేస్త్రిగారూ. మొన్న కొండ దిగుతుంటే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. బండి అడ్డం తిరిగి గోడకి ఆనుకుంది కాబట్టి సరిపోయింది." డ్రైవరు మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "క్యాబిన్‌లో నా పెళ్ళాం, చంటిది కూడా ఉన్నారు."

పెద్దమేస్త్రి టార్చిలైటు ఆర్పేశాడు. తిట్లు మొదలుపెట్టాడు, ఇక ఆపతరం కాలేదు. అడ్డగాడిద అన్నాడు, గుడ్డి వెధవ అన్నాడు, తిన్నది అరగక పనికొచ్చాడన్నాడు. ఇక్కడ రాయడానికి వీల్లేనివి ఇంకో నాలుగు అన్నాడు.

"చాల్లే నాన్నా, బీపీ పెరుగుతుంది," అంది కూతురు.

"పెరగనీ! చంటిపిల్ల చచ్చిపోయేదే! నాకు అసహ్యమేస్తోంది. వీడు చెయ్యి పెట్టిన ఇనుము ముట్టుకోవాలంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. ఇలాంటివాడు బతికుండగా మళ్ళీ స్పానర్ ముట్టుకోకూడదు. ఏమయ్యా, ఎవడు వాడు? ఎక్కడ చేయించావు?"

డ్రైవరు మేస్త్రి వైపు చూశాడు. కూతురు వైపు చూశాడు. చెప్పేద్దామని నోరు తెరవబోయాడు.

"నేనే," అంది కూతురు గబుక్కున.

"ఏంటి?"

"నేనే చేశాను నాన్నా. తొందరలో చూసుకోలేదు."

పెద్దమేస్త్రి ఆమెని ఎగాదిగా చూశాడు. ఆయన ముఖం ఇంకా చిట్లిపోయింది.

"మరి నేనన్న మాట విన్నావుగా? స్పానర్ ముట్టుకోకూడదు అన్నాను."

"విన్నాను," అంది ఆమె. ఆ మాట అనడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. స్పానరు తప్ప ఆమెకి చేతనైన పని ఇంకోటి లేదు, చెయ్యాలని కూడా లేదు.

ఆయన కాండ్రించి ఉమ్మి, విసవిసా పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

డ్రైవరు ఆగలేకపోయాడు. "ఇదేం పనమ్మా? నేను బండి తెచ్చిననాడు నువ్వసలు ఊళ్ళోనే లేవు. మీ ఆడపడుచు పురిటికని వెళ్ళావంట. దీన్ని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని బిగించింది మీ నాన్నే. నేను కళ్ళారా చూశాను!"

"మెల్లిగా అన్నా, వినపడుతుంది," కూతురు తలుపు వైపు చూసింది. "నాన్నకి గుర్తులేదు. ఈమధ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటున్నాడు. ఇంత దరిద్రమైన పని తనదేనని తెలిస్తే మళ్ళీ తలెత్తుకు తిరగలేడు."

"మరి నీ సంగతి?"

"ఇంకో షెడ్డు చూసుకుంటా. ఎవరైనా రానిస్తే."

"ఎందుకూ, ఈ షెడ్డుకేం రోగం?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పెద్దమేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నూనె మరకల చొక్కా విప్పేసి ఉతికిన బనీను వేసుకున్నాడు. సబ్బుతో ఎంతసేపు తోమాడో, చేతులు ఎర్రగా కందిపోయాయి. లోపలికి వచ్చి తన స్పానర్ల పెట్టె తాళంచెవి కూతురి నూనె చేతిలో పెట్టాడు.

"కొత్త క్రౌన్, పినియన్ గేర్లు నువ్వే వెయ్యి. నేను దగ్గరికి కూడా రాను."

"అదేంటి నాన్నా, నన్ను స్పానర్ ముట్టుకోవద్దన్నావుగా?"

"నిన్నెందుకంటానే? పొద్దున మొదటి బోల్టు విప్పింది నేను. నా చేతి బిగింపు నాకు తెలియదా? ఎవడు వాడని అడిగింది డ్రైవరు నోట విందామని. ఇంతసేపూ ఎవణ్ణి తిడుతున్నాననుకున్నావు?"