పరాయి అండం

“మీ అండాలు బాగా తగ్గిపోయాయమ్మా. మందులు పెంచి ఇంకోసారి చూడొచ్చు గానీ, నలభై మూడేళ్లకి ఆశ తక్కువ. దాత అండమైతే అవకాశం మెరుగు,” అంది డాక్టరు.

కడుపు కోడలిదే గానీ, జవాబు పక్క కుర్చీలోంచి వచ్చింది.

“ఎవతో పరాయిదాని అండమా?” అంది అత్తగారు. “అలా పుట్టినవాడు మా వాడెలా అవుతాడు?”

“మీ అబ్బాయి బిడ్డేగా!”

“అయితే మాత్రం? కన్నతల్లి రక్తం వద్దూ?”

అంతలో అత్తగారి ఫోను మోగింది. తెరమీద ఆరేళ్ల మనవడు. ఆమె ముఖం చాటంత అయింది. ఫోను డాక్టరు వైపు తిప్పింది.

“నా కూతురి కొడుకు. రక్తమంటే ఇదీ డాక్టరమ్మా!”

డాక్టరు నవ్వి, కోడల్ని అడిగింది. “ఇంతకుముందెప్పుడైనా అండాలు తీశారా?”

“ఒకసారి. మా ఆడపడుచుకి పిల్లలు కలగకపోతే ఇచ్చాను. అత్తయ్యగారే బతిమాలారు.”

“అది ఇంట్లో సంగతి. లెక్కలోకి రాదు,” అంది అత్తగారు, గొంతు తగ్గించి.

“అమ్మమ్మా, అత్తకివ్వు ఫోను!” అని పిల్లాడు గోల పెట్టాడు.

కోడలు అందుకుంది.

“చెప్పు నాన్నా. అత్తనే.”