పారిపోతున్నవాళ్ళు

"లేబుల్ మీద మళ్ళీ గీసేసింది సార్!"

వాచ్‌మన్ కేక విని మ్యూజియం ఇన్‌చార్జి కుర్చీలోంచి విసురుగా లేచాడు. వారంలో ఇది మూడోసారి.

ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుంచి నేటిదాకా నడిచిన కథంతా ఆ మ్యూజియంలోని నాలుగు గదుల్లో ఉంది. నల్లగుడ్డ కప్పిన పెట్టె కెమెరాలు, గాజు పలకల మీద తీసిన ముఖాలు, ఫిల్ము చుట్టలు, చివరికి సెల్‌ఫోన్లు. మూడేళ్ళు తిండీ నిద్రా మాని ఆయన కూర్చిన ప్రదర్శన అది.

మూడో గదిలో గోడంతటికీ ఒకే ఫోటో. దాని ముందు, డెబ్బై దాటిన ఓ పొట్టి మనిషి పెన్సిలు పట్టుకుని నిలబడి ఉంది. తప్పుచేసి దొరికిపోయిన ముఖం కాదది.

ఫోటోలో పాతిక ముప్పై మంది ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి, చూసేవాళ్ళ మీదికే పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ళ వెనక లాఠీలెత్తిన పోలీసులు.

కింద లేబుల్: 'మిల్లు గొడవలో పోలీసులకు భయపడి పారిపోతున్న మహిళలు.'

'భయపడి పారిపోతున్న' అన్న మాటల మీద అడ్డంగా గీత.

"ఏం పెద్దమ్మా, ఇదేం పని?"

"తప్పు రాస్తే దిద్దొద్దా?"

"ఏది తప్పు?"

"పారిపోవడం. మేమెవరమూ పారిపోలేదు. మిల్లుకి తాళం వేసి మూడు నెలలు మమ్మల్ని రోడ్డున పడేశారు. మా పని మాకిమ్మని ఆరోజు పోలీసుల్ని తోసుకుని గేటు మీదికి వెళ్ళాం. గేటు ఇటుంది." ఆవిడ తన వీపు వెనక్కి బొటనవేలు చూపించింది. "ఫోటోలో పడలేదంతే."

"మర్నాడు పేపర్లో ఇలాగే పడింది. యాభై ఏళ్ళుగా ప్రతి పుస్తకంలోనూ ఇలాగే ఉంది."

"యాభై ఏళ్ళు రాస్తే అబద్ధం నిజమైపోతుందా?"

ఇన్‌చార్జికి ఒళ్ళు మండింది.

"ఈ ఫోటో తీసినాయన ఎంత గొప్పవాడో తెలుసా నీకు? దీనికి ఎన్ని బహుమతులొచ్చాయో తెలుసా? అసలు నువ్వా రోజు అక్కడున్నావా?"

"ఉన్నాను. వైండింగ్ సెక్షన్‌లో నూలు చుట్టేదాన్ని."

"ఏదీ, ఇందులో ఎక్కడున్నావో చూపించు."

ఆవిడ ఫోటో వంక తిరిగింది. ఒక్కొక్క ముఖాన్నీ పేరుపెట్టి పలకరిస్తున్నట్టు, తొందర లేకుండా చూసింది.

"ఇందులో నేను లేను."

వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు.

"నా సంగతి వదిలెయ్యి బాబూ. వీళ్ళ సంగతి చూడు. ఇదిగో, ఈవిడకి ఆరోజు చెయ్యి విరిగింది. విరిగిన చెయ్యి చంకలో పెట్టుకుని రెండో చేత్తో గేటు ఊపింది. ఈవిడ మనవలు ఇక్కడికొచ్చి, మా నాయనమ్మ పిరికిది అనుకుని పోవాలా?"

"ప్రదర్శన పుస్తకాలు కూడా అచ్చయిపోయాయి. ఇప్పుడు మార్చడం కుదరదు."

"అయితే రేపూ వస్తాను."

అన్నట్టే వచ్చింది. వాచ్‌మన్ గుమ్మంలోనే పెన్సిలు లాక్కున్నాడు. కొప్పులోంచి ఇంకోటి తీసింది.

మొదటి గదిలో ఓ ఇనప కొక్కెం ఉంది. ఆ రోజుల్లో ఫోటో తీయడానికి చాలాసేపు పట్టేది కాబట్టి మనిషి కదలకుండా తలను దానికి ఆనించేవారట. ఆవిడ అది చూసి ఆగింది.

"మా మేనేజరు దీన్ని చూసుంటే, పనిలో తల తిప్పకుండా మా అందరికీ తలో కొక్కెం తెప్పించేవాడు," అంది.

ఎనిమిదో రోజున ఇన్‌చార్జి ఆవిణ్ణి లోపలికి రానివ్వొద్దని చెప్పేశాడు.

ఆవిడ గేటు బయట నిలబడింది. టికెట్ల వరసలో ఉన్నవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది.

"మూడో గదిలో పెద్ద ఫోటో ఉంది. వాళ్ళు పారిపోవడం లేదు, లోపలికెళ్తున్నారు. గుర్తుపెట్టుకోండి."

చూసొచ్చినవాళ్ళు అదే సంగతి ఇన్‌చార్జిని అడగసాగారు. ఆయన తట్టుకోలేక బయటికొచ్చాడు.

"ఇక్కణ్ణించి వెళ్తావా, లేదా?"

"రోడ్డు కూడా నీదేనా బాబూ?"

వారం రోజులు ఎండలో అలాగే నిలబడింది. తర్వాత కనబడలేదు.

"ఆ పెద్దమ్మ పోయిందట సార్," నాలుగో రోజున వాచ్‌మన్ చెప్పాడు. "నిద్రలోనే. మనవరాలొచ్చి చెప్పి వెళ్ళింది."

'హమ్మయ్య' అనబోయి ఇన్‌చార్జి నాలుక కరుచుకున్నాడు.

నెల తిరిగాక, ఎప్పుడో కాలం చేసిన ఆ గొప్ప ఫోటోగ్రాఫర్ కూతురు ఓ అట్టపెట్టె తెచ్చింది. నిండా పాత నెగెటివ్‌లు.

"మీ దగ్గరుంటే భద్రంగా ఉంటాయి. ఆ మిల్లు ఫోటో గురించి ఎవరడిగినా నాన్న మాట మార్చేసేవారు. ఎందుకో నాక్కూడా చెప్పలేదు."

ఆమె వెళ్ళాక ఇన్‌చార్జి ఆ రోజు తీసిన ఫిల్ము ముక్కని కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పరిచి, భూతద్దంతో వంగాడు.

ఇరవై రెండోది ఆ ప్రసిద్ధమైన ఫోటో.

ఇరవై మూడోది, బార్లా తెరుచుకున్న మిల్లు గేటు, దాని మీదెక్కి చేతులు ఊపుతున్న ఆడవాళ్ళు.

ఇరవై ఒకటో దానిలో రోడ్డు మీద పడివున్నాడు ఆ గొప్ప ఫోటోగ్రాఫరే. నుదురు చిట్లి, ఉత్త చేతులు ముందుకు చాచి.

నెగెటివ్ ఉన్న కవరు మీద ఆయన దస్తూరీ వెలిసిపోయి ఉంది.

'లాఠీ దెబ్బకి నేను పడ్డాను. నా కెమెరా తీసుకుని పరిగెత్తిన వైండింగ్ సెక్షన్ అమ్మాయి సాయంత్రం తెచ్చిచ్చింది. పేరు అడిగితే చెప్పలేదు. పేపరువాళ్ళు నా పేరు వేశారు. నేను కాదనలేదు.'

ఇన్‌చార్జి మూడో గదిలోకి వెళ్ళి ఫోటో ముందు నిలబడ్డాడు.

అంతమంది ముఖాలూ ఎదురుగా పడాలంటే తీసిన మనిషి వాళ్ళందరికన్నా ముందు గేటు వైపు పరిగెత్తి, వెనక్కి తిరిగి ఉండాలి. ఆ మనిషినే తను వారం రోజులు గేటు బయట నిలబెట్టాడు.