సోమవారం శాలువా

ప్రతి సోమవారం మా నీటి సరఫరా ఆఫీసుకి ప్రభుత్వం కొత్త అధికారిని పంపుతుంది. వచ్చేది మనిషి కాదు, గోడమీది తెరలో మాట్లాడే ఒక కంప్యూటరు ముఖం. కిందటి వారం ముఖానికి చెప్పిందేదీ ఈ వారం ముఖానికి తెలియదు. అయినా మర్యాద తప్పకూడదని అటెండరు అప్పలసూరి తెరకి శాలువా కప్పుతాడు. ఫొటో అయ్యాక మడతపెట్టి బీరువాలో దాస్తాడు. నూట యాభై ముఖాలకీ అదే శాలువా.

ఆ తర్వాత నేను నిలబడి, నా పేరు కనకరత్నమనీ, కొండవీధి పైపు పగిలి మంచినీళ్లలో మురుగు కలుస్తోందనీ చెబుతాను. "వచ్చే వారం తప్పకుండా చూద్దాం" అంటాడు అధికారి. మూడేళ్లుగా ఆ వచ్చే వారం రాలేదు. ఇరవై మంది స్టాఫులో పద్దెనిమిది మంది మానేశారు.

ఈ సోమవారం నేనూ రాజీనామా ఇచ్చాను.

"మీరు చాలా విలువైన ఉద్యోగి. దయచేసి వెళ్లకండి" అన్నాడు అధికారి. "ఇంతకీ మీ పేరేమిటన్నారు?"

బ్యాగు తీసుకుని లేచాను.

"ఇరవై రెండేళ్లు చేసినారు మేడం, ఉత్త చేతుల్తో ఎలాగ పంపుతామండి?" అంటూ అప్పలసూరి బీరువాలోంచి శాలువా తీసి నా భుజాలకి కప్పాడు. ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

మెట్లు దిగుతుంటే వెనకాలే పరిగెత్తుకొచ్చి, తలొంచుకుని నిలబడ్డాడు.

"ఏటీ అనుకోకండి మేడం. ఆ శాలువా ఇచ్చీండి. సోమవారం మళ్లీ కొత్త సారొస్తారు కదండి."