కొళాయికి చీటీ

"నిమిషానికి సున్నా లీటర్లు!" గుడియాత్తంలో మగ్గం నేసే పొన్నమ్మ ఇంట్లో కొళాయి తిప్పి చూసి అన్నాడు, నీళ్లు తక్కువ వాడే కొళాయిలకు చీటీలు అంటించే పని మీద వేలూరు నుంచి వచ్చిన అరుణాచలం. "ఇంత పొదుపు కొళాయి మా ఫారిన్ కంపెనీ కూడా చెయ్యలేదమ్మా. నీటి పొదుపు చీటీ అంటించేదా? బలవంతం లేదు."

"బిగించి మూడేండ్లాయె, ఒక్క చుక్క దుబారా చెయ్యలేదు. అంటించు నాయనా."

అంటించగానే కొళాయి దగ్గింది. నీళ్లు దూకాయి. పొన్నమ్మ బిందెల కోసం పరుగెత్తింది.

"అయ్యో, ఇట్లయితే చీటీకి పనికిరాదే!" అని పీకేశాడు. నీళ్లు ఆగిపోయాయి.

"నీ చేతులు పడిపోనూ! మళ్లా అంటించప్పా!"

అంటించాడు. కొళాయి మళ్లీ దగ్గింది.

పొద్దువాలేసరికి వీధిలో ప్రతి కొళాయికీ చీటీ, దాని మీద పసుపూ కుంకుమా.

"ఇంకొకటి ఉండాదా?" అడిగింది పొన్నమ్మ.

"అయిపోయినాయమ్మా," అంటూ ఆఖరి చీటీ జేబులో దాచుకున్నాడు అరుణాచలం. వేలూరులో వాళ్లింటి కొళాయి కూడా మూడేళ్లుగా పొదుపుగానే ఉంది.