సగంలో ఆగే పాట

ఆఖరి పాట మిగిలి ఉండగానే పియర్స్ మేడ మీది ఆర్గన్ మూత వేసేశాడు. ఆ పాత రాతి చర్చిలో, కింద బల్లల మీద శాండ్‌విచ్‌లు తింటూ మధ్యాహ్నపు కచేరీ వింటున్న జనం తలలెత్తి చూశారు.

చర్చి వ్యవహారాలు చూసే ఆగ్నెస్ ఆయాసపడుతూ మేడమెట్లెక్కి వచ్చింది.

"ఏమైంది నాయనా? నీకు ఆర్గన్ నేర్పిన క్రాడక్ మాస్టారు పోయాక ఆయన పేరున పెట్టిన మొదటి కచేరీ ఇది. ఆయనకిష్టమైన పాట లేకుండా ఎలా?"

"అది వాయించలేనండీ."

"నీకు రాని పాటా? తొమ్మిదేళ్లప్పుడే వాయించేవాడివి. కింద పూలు సర్దుకుంటూ వినేదాన్ని."

"సగమే విని ఉంటారు."

"అవును. అక్కడికొచ్చేసరికి ఆగిపోయేవాడివి. మిగతాది ఇంకా రాలేదేమో అనుకునేదాన్ని."

పియర్స్ ఆమె వైపు చూడలేదు.

"మొత్తం వచ్చండీ. అక్కడికి రాగానే మాస్టారు మెట్ల తలుపు గడియ పెట్టి వచ్చి నన్ను ఒళ్లోకి లాక్కునేవారు. అరిచినా కింద ఎవరూ పట్టించుకోరు అనేవారు."

ఆగ్నెస్ కిందికి, తను పూలు సర్దే చోటికి చూసింది. పాట ఆగిన ప్రతిసారీ తను కిందే ఉంది.

"మీ అమ్మకి తెలుసా?"

"ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

కింద కొందరు చప్పట్లు కొట్టి లేవబోయారు. ఆగ్నెస్ పిట్టగోడ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి పియర్స్‌ని అడిగింది.

"వీళ్లకి చెప్పనా?"

అతను తలూపాడు.

"కూర్చోండి" అని ఆమె కిందికి కేకేసింది. "మాస్టారి గురించి మీరు వినాల్సింది ఉంది."