బాతు సాక్ష్యం

మెర్విన్ బుడాపెస్ట్‌లో సినిమా డిస్కులు కొనే తీరు చూస్తే ఏ దుకాణం వాళ్ళకైనా అనుమానం వస్తుంది. పరాయి దేశం వాళ్ళెవరైనా డబ్బా వెనక్కి తిప్పి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటేనే కొంటారు. అతనూ తిప్పి చూస్తాడు. ఉన్నాయంటే మాత్రం చెయ్యి కాలినట్టు మళ్ళీ అరలో పెట్టేస్తాడు.

అతని బాధ అతనిది. నెబ్రాస్కాలో వాళ్ళ ఊరి లైబ్రరీలో ప్రతి గురువారం ఏడుగురు ఆడవాళ్ళు హంగేరీ సినిమా చూస్తారు. తెర పక్కన నిలబడి మాట మాటకీ అర్థం చెప్పేది మెర్విన్. ఆరేళ్ళుగా చెబుతున్నాడు. ఆ భాషలో అతనికి మంచినీళ్ళడగడం కూడా రాదు.

మొదటిసారి పొరపాటున సబ్‌టైటిల్స్ లేని డిస్కు పట్టుకెళ్ళాడు. పరువు పోతుందని అప్పటికప్పుడు నోటికొచ్చిన కథ అల్లాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. భార్య పోయాక అతని మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. ఆ వారం నుంచీ అతను గురువారం కోసమే బతికాడు. క్లబ్బు వాళ్ళు ఏటా చందాలేసుకుని అతన్ని డిస్కులు కొనడానికి బుడాపెస్ట్ పంపేవారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

ఈ ఏడు దొరికిపోయే రోజొచ్చింది. క్లబ్బు కార్యదర్శి వెర్నా ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. కథల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ హత్యకి గురవుతుండడం ఆవిడకి నచ్చలేదు. ఈసారి మేమూ వస్తాం, మీరు ఆ భాషలో బేరమాడుతుంటే వినాలని ఉంది అంది. ఏడుగురూ టిక్కెట్లు కొనేశారు.

మెర్విన్ ఒకరోజు ముందే విమానమెక్కాడు. ట్రాము దారిలో పాత డిస్కులమ్మే ఇబోయా దుకాణానికి సరాసరి వెళ్ళాడు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, ఇంగ్లీషు బాగానే వచ్చు. సంగతంతా చెప్పి, తెచ్చిన విస్కీ సీసా బల్లమీద పెట్టాడు. రేపు నేనేం కూసినా మీ భాషే అన్నట్టు మీరు జవాబివ్వాలి, పని జరిగితే ఇంకో సీసా అన్నాడు.

"ఏం కూస్తావో కొంచెం కూసి చూపించు" అంది ఇబోయా. కూశాడు. ఆవిడ విని, టర్కీవాడికి పంటినొప్పి వచ్చినట్టుంది గానీ ఫరవాలేదు అంది.

మర్నాడు ఏడుగురూ దిగారు. మెర్విన్ కూశాడు. ఇబోయా ముఖంలో నవ్వన్నదే లేకుండా రెండు నిమిషాలు గడగడా మాట్లాడింది. ఆరుగురు ముచ్చటపడ్డారు. వెర్నా మాత్రం ఎత్తుపీట వేసుకుని, పై అరలోంచి దుమ్ముకొట్టుకుపోయిన డబ్బా ఒకటి తనే లాగింది. దాని మీద ఇంగ్లీషు ముక్క లేదు. ఇది వేయించి అర్థం చెప్పండి అంది.

అది వద్దమ్మా, ఎనిమిదేళ్ళుగా ఎవరూ కొనలేదు అంది ఇబోయా. వద్దనేసరికి వెర్నాకి అనుమానం రెట్టింపయింది. డిస్కుల మీద గీతలున్నాయేమో చూడడానికి బల్లమీద ఉంచుకున్న చిన్న టీవీలో ఇక వెయ్యక తప్పలేదు.

పెళ్ళిబట్టల్లో ఒక పిల్ల గడ్డిబండి మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లబాతు. సినిమాలో పదకొండు నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఆ పిల్ల బాతు చెవి దగ్గర ఏదో అంది. మెర్విన్ గొంతు సవరించుకుని మొదలెట్టాడు. ఈ పిల్ల తండ్రిని చంపినవాడు పెళ్ళికొడుకే. చూసింది ఈ బాతొక్కటే. పెళ్ళికని బయల్దేరింది గానీ, బండిని న్యాయస్థానానికి తోలమంటుంది. సాక్షివి నువ్వే, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు అని బాతుతో చెబుతోంది.

ఇబోయా చటుక్కున గోడవైపు తిరిగిపోయింది. ఆవిడ భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వాపుకోలేక చస్తోంది, కొంప మునిగిందనుకున్నాడు మెర్విన్. ఆరుగురు ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. వెర్నా సూటిగా వెళ్ళి ఇబోయానే నిలదీసింది.

"ఒట్టేసి చెప్పమ్మా, ఈయన చెప్పింది సరిగ్గా ఉందా?"

"ఈ సినిమాకి ఇంతకన్నా సరైన అర్థం ఇంకెవరూ చెప్పలేరు" అంది ఇబోయా, కళ్ళు తుడుచుకుంటూ.

వెర్నా తలదించుకుని మెర్విన్‌ని క్షమించమంది. వచ్చే ఏటి టిక్కెట్టు నా సొంత ఖర్చు అంది. ఆడవాళ్ళంతా ఎదురుగా కేకులమ్మే చోటికి వెళ్ళాక మెర్విన్ రెండో సీసా తీశాడు. ఇబోయా దాన్ని వెనక్కి తోసేసింది.

గుట్టు తెలిసిన మనిషి సీసాతో సరిపెట్టుకుంటుందా అనుకున్నాడు మెర్విన్.

"ఇంకేం కావాలో చెప్పండి. ఇచ్చుకుంటాను. వాళ్ళకి మాత్రం చెప్పకండి. ఆ గురువారాలు పోతే నాకింకేం లేదు."

"నువ్వు నాకేమీ ఇవ్వక్కర్లేదు నాయనా" అంది ఇబోయా. "బండిమీద పెళ్ళికూతుర్ని నేనే. నేను ఆ బాతుతో అన్నది 'చలేస్తోందా' అని. ఎంత బతిమాలినా దర్శకుడు కథ చెప్పకుండానే పోయాడు, ఆ బాతుని నా ఒళ్ళో ఎందుకు పెట్టాడో నలభై ఏళ్ళకి ఇవాళ నువ్వు చెబితే తెలిసింది."