అమ్మకు అర్థమయ్యేటట్టు

“మళ్ల మొదటినుంచి చెప్పు బిడ్డా. నడుమల ఇంగ్లీషు పడ్డది,” అంది దీనమ్మ.

బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్‌లో రికార్డింగు ఆపి సందీప్ నుదురు తుడుచుకున్నాడు. పొద్దున్నుంచీ ఇదే వరస.

పత్తి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల ఊపిరి మీద అతను చేసిన పరిశోధన ఒక పేరున్న పత్రికలో అచ్చయి ఏడాది దాటింది. ఫెలోషిప్ పొడిగింపు కోసం కమిటీ ముందు నిలబడినప్పుడు అందులో పెద్దాయన ఒకటే అడిగారు. “మంచి పేపరే. ఎవరు చదివారు?” మార్చిలో మళ్లీ పిలుస్తామన్నారు. ఈలోగా పని జనంలోకి వెళ్లినట్టు చూపించలేకపోతే ఫెలోషిప్ ఆగుతుంది, పీహెచ్‌డీ సగంలో వదిలి ఏదో ఒక ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి అతనే.

యూనివర్సిటీలో అతని సీనియర్ రెబెకా దారి చూపింది.

“నీ పేపరు తెరవాలంటే పైసలు కట్టాలె. ఎవలు కడ్తరు తమ్మీ? పత్రికోళ్లు ఒప్పుకునే కాపీని మన యూనివర్సిటీ సైటుల పెట్టు, ఊరికెనే చదువుకుంటరు. తెలుగుల చిన్న వీడియో చేసి కింద ఆ లింకు ఇయ్యి. ముందుగాల మీ అమ్మకు చెప్పి చూడు. ఆమె ఎక్కడ ఆవులిస్తదో అక్కడ్నే జనం వేరే వీడియోకు పోతరు.”

దీనమ్మ ఆవులించలేదు. చాప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పరీక్షకు చదివే పిల్లలా వింటోంది.

ఆమెదీ మిల్లు పనే. సందీప్‌కు మిల్లు గేటు తెరుచుకున్నది కూడా ఆమె మాట మీదే. సర్వే రోజుల్లో ఆ వాడకట్టు ఆడవాళ్లందరి చేతా ప్లాస్టిక్ గొట్టంలో ఊదించి గాలి కొలిచాడు. సొంత ఇంటివాళ్లను కలిపితే ఫలితాన్ని ఎవరూ నమ్మరని గైడు ముందే హెచ్చరించారు. అందుకే ఒకరోజు దీనమ్మ గొట్టం నోటి దగ్గర పెట్టుకోబోతే చేతిలోంచి తీసేసుకున్నాడు.

“నీ రీడింగు లెక్కకు రాదమ్మా.”

“వాడకెల్ల ఊదిచ్చినవు, కన్నతల్లిని పక్కకు పెట్టినవు. మంచిగున్నది నీ సదువు,” అని నవ్వుకుంటూ ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు మళ్లీ ఫోను ముందు మొదలుపెట్టాడు. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బు మామూలు దగ్గులాంటిది కాదన్నాడు. ఆదివారం సెలవు కాబట్టి ఊపిరి తేలికవుతుంది. సోమవారం మళ్లీ పనిలోకి దిగాక ఛాతీ పట్టేస్తుంది, మాట కూడా తెగిపోతుంది. వారం గడిచేకొద్దీ సర్దుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరూ దవాఖానకు వెళ్లరు.

“సోమారం సంగతి ముందుగాల చెప్పు. ఊపిరితిత్తుల ముచ్చట ఎనుకకు పెట్టు. మా అసోంటోళ్లకు సోమారమంటె అర్థమైతది,” అంది దీనమ్మ.

అతను అలాగే మార్చాడు.

“పని బందు జేస్తె పోతదా?”

“తొందరగ పట్టుకుంటె పోతది. ఏండ్లకేండ్లు నానబెడ్తె కష్టం.”

దీనమ్మ చాప కొస సరిచేసుకుంది. తర్వాత, “రాజక్క అడగమన్నది,” అంది.

రాజక్క పై అంతస్తులో ఉంటుంది, మిల్లులో దీనమ్మకు జోడీ. సర్వే జరిగినప్పుడు కూతురి కాన్పుకు పోయి ఉండటంతో ఆమె ఊదలేదు.

“రమ్మనమ్మా, నేనే దవాఖానకు తోల్కపోత.”

“రాదు. తెలిస్తె మిల్లుల పనికి పెట్టుకోరని బుగులు. ఇంట్ల సదువుకునే పిల్లగాడున్నడు. వాడు ఒడ్డెక్కేదాంక నోరిప్పది.”

ఆ ప్రశ్ననూ, ఆ భయాన్నీ కూడా సందీప్ వీడియోలో పెట్టాడు. పేరు చెప్పలేదు.

మొదటి వారం రెబెకా తప్ప ఎవరూ చూసినట్టు లేదు. దీనమ్మ దాన్ని చర్చి ఆడవాళ్ల గ్రూపులో వేయించింది. అక్కడినుంచి పరకాల మిల్లులకు, నర్సంపేటకు, జమ్మికుంటకు పోయింది. ఒక ఛాతీ డాక్టరు తన పేజీలో పెట్టుకున్నాడు. యూనివర్సిటీ సైటులో పేపరును దించుకునేవాళ్లు రోజురోజుకూ పెరిగారు. ఎవరో అబ్బాయి కింద రాశాడు: “మా అమ్మ గురించే చెప్పినట్టున్నది అన్నా. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి నేను చూడలే.” సందీప్ ఆ మాటను ఫొటో తీసి కమిటీకి చూపించే కాగితాల్లో అన్నిటికంటే పైన పెట్టాడు.

మార్చిలో ఆ పెద్దాయన వీడియో మొత్తం చూశారు.

“ఇంత సూటి ప్రశ్నలు నీకెలా తట్టాయి?”

“మా అమ్మ అడిగింది సార్.”

“అదృష్టవంతుడివి,” అని ఆయన సంతకం పెట్టారు.

హనుమకొండలో స్వీట్లు కొని ఆటోలో ఇల్లు చేరేసరికి మిల్లు వదిలేశారు. రాజక్క నీళ్ల క్యాను భుజాన వేసుకుని, ఏదో చెబుతూనే మెట్లన్నీ ఎక్కేసింది. దీనమ్మ ఇంకా వాకిట్లోనే ఉంది.

“అమ్మా, ఇచ్చిండ్రు. ఇంకో ఏడాది ఫికర్ లేదు.”

దీనమ్మ గోడ పట్టుకుని కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయింది కానీ మాట రాలేదు. కొడుకు వైపు చూసి నవ్వుతూ తల మాత్రం ఊపింది.

“గింత సంబురమా అమ్మా?” అంటూ సందీప్ పక్కన కూర్చుని ఆమె నోట్లో స్వీటు ముక్క పెట్టాడు.

ఆ రోజు సోమవారం.